పడుగు, పేక, పిడికెడు బురద

జనవరిలో కొండగట్టు గుడి మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే పొలాలన్నీ ఒకే పచ్చగా కనిపిస్తాయి. ఏ మడి ఏ రంగులో ఉందో దిగి దగ్గరికి వెళ్తే గానీ తెలియదు. మా చిన్నాయిన మడి మొన్నటి యాసంగిలో పసుపు తిరిగింది. నాటు వేసి పద్దెనిమిది రోజులు. పక్క మడి పిలకలు వేసి కళకళలాడుతుంటే ఈయనది కామెర్లు వచ్చినట్టు ఉంది.

"యూరియా ఏసి వారం దాటింది బిడ్డా," అన్నాడు ఒడ్డు మీద గొంతుక్కూర్చుని. "వానకాలంల లైన్ల చెప్పులు వెట్టి తెచ్చిన బస్తా. దాచి దాచి ఏసిన. గంత యూరియా ఎటువోయినట్టు?"

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు ఎలా బారులు తీరారో చూసినవాళ్లకు ఆ గొంతులోని కడుపుమంట అర్థమవుతుంది. బస్తాలో ఉండేది 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే 21 కిలోలకు కొంచెం తక్కువ. అది ఎటు పోయిందో చెప్పడానికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కొంత అమ్మోనియాగా గాలిలో కలిసింది, కొంత నీళ్లతో కాలువ పాలైంది. రెండూ ఎంతో కొంత నిజమే. మూడో దొంగ మాత్రం పొలం దాటి ఎక్కడికీ పోలేదు. మడిలోనే ఉన్నాడు.

వంగి పిడికెడు బురద తీశాను. నల్లగా ఉంది, కోడిగుడ్డు మురిగిన వాసన. వేళ్ల మధ్య సగం కుళ్లిన వరి కొయ్యలు నారనారగా చిక్కుకున్నాయి. నవంబరు ఆఖర్లో హార్వెస్టర్ కోసి పోయాక మిగిలిన కొయ్యకాళ్లు, మిషను వెనక రాలిన గడ్డి చిన్నాయిన తగలబెట్టలేదు. మంచి పనే చేశాడు. అన్నీ కలియదున్ని, కాలువ నీళ్లు రాగానే దమ్ము చేసి నాటేశాడు. గడ్డి మట్టిలో కలవడానికీ నాటు పడడానికీ మధ్య సరిగ్గా నెల కూడా లేదు. పైగా చలికాలం, కుళ్లడం నెమ్మది.

ఒక టన్ను వరిగడ్డిని తీసుకుందాం. అందులో సుమారు 400 కిలోలు కర్బనం. నత్రజని మహా అయితే 6 కిలోలు. అంటే దాదాపు 65 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని. ఆ గడ్డిని తినే బ్యాక్టీరియా ఒంట్లో ఈ నిష్పత్తి చాలా వేరు: ఆరో ఎనిమిదో పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని. తిన్న కర్బనంలో ఎక్కువ భాగం ఊపిరిగా బయటికి పోతుంది. మూడో వంతు ఒంటికి పట్టిందనుకున్నా 130 కిలోలు. దానికి తోడుగా 16 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 6. మిగతా 10 కిలోలు ఎక్కడి నుంచి రావాలి? చుట్టూ ఉన్న మట్టి నుంచి, నీళ్ల నుంచి, చిన్నాయిన చల్లిన బస్తా నుంచి. టన్ను గడ్డికి అర బస్తా యూరియా! ఇది చేతివేళ్ల మీద వేసిన లెక్క. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు కాబట్టి బ్యాక్టీరియా అంత వేగంగా ఒళ్లు పెంచుకోలేదు, లాగే నత్రజని తగ్గుతుంది. అయినా నాటు వేసిన మొదటి రెండు మూడు వారాలు వరికి తగలాల్సిన దాన్ని అడ్డుకోవడానికి అది చాలు.

ఇది వినగానే చిన్నాయిన నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. బువ్వ తెచ్చి ఒడ్డు మీద టిఫిన్ విప్పుతున్న చిన్నమ్మ అంది: "గంతేనా? పడుగు ఎక్కువై పేక తక్కువైంది."

చిన్నమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. వాళ్ల నాయిన ఆసామి, అంటే యజమాని నూలును కూలికి నేసేవాడు. ఇంట్లో నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆమె చిన్నతనమంతా ఆ చప్పుళ్లలోనే గడిచింది. ఆమె మాట విన్నాక ఇక నేను వేరే పోలిక వెతుక్కోలేదు. బతికిన కణం నేసే బట్టకు కర్బనం పడుగు, నత్రజని పేక. గ్లూకోజు, పిండి, గడ్డి, ఏదైనా కర్బనపు గొలుసు నిలువుపోగు. ప్రోటీన్ కావాలన్నా, జన్యుపదార్థం కావాలన్నా ఆ పోగుల మధ్య నుంచి నత్రజని అడ్డంగా దూరాలి. భీము నిండా పడుగు ఉన్నా కండెలో నూలు అయిపోతే గజం బట్ట రాదు. కండెలు కుప్పలుగా ఉండి భీము ఖాళీ అయినా అంతే. నేతగాడు కంటితో చూసుకుంటాడు. మిల్లీమీటరులో 500వ వంతు పొడవుండే బ్యాక్టీరియాకు కన్ను లేదు, మెదడు లేదు. మరి ఏ పోగు ఎంత ఉందో దానికెలా తెలుస్తుంది?

ముందు పడుగు సంగతి.

కొండగట్టు ఎక్కినవాళ్లకు అక్కడి కోతుల రుచులు తెలుసు. చేతిలో కొబ్బరి ముక్క గీక్కుంటున్న కోతి ముందు అరటిపండు పెట్టండి. కొబ్బరి జారిపోతుంది, పండు చేతిలోకి వస్తుంది. తొక్క తీస్తే చాలు, పంటికి శ్రమ లేదు. పండ్లు అయిపోయాక కాసేపు అటూ ఇటూ చూసి, అప్పుడు మళ్లీ కొబ్బరి వెతుక్కుంటుంది.

దాదాపు ఇదే విషయాన్ని జాక్ మోనో అనే ఫ్రెంచి యువకుడు నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో బ్యాక్టీరియాలో చూశాడు. నీళ్లలో రెండు రకాల చక్కెరలు కలిపి బ్యాక్టీరియాను వదిలాడు. అవి కలగలిపి తింటాయనుకుంటాం కదా. ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు గ్లూకోజు, లాక్టోజు కలిపి పెడితే అది ముందు గ్లూకోజునే తిని చకచకా పెరిగింది. గ్లూకోజు అయిపోగానే పెరుగుదల ఆగింది. కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పాలలోని చక్కెరైన లాక్టోజును తింటూ మళ్లీ పెరిగింది, ఈసారి నింపాదిగా. కాగితం మీద గీస్తే మధ్యలో చదును మెట్టు ఉన్న రెండు ఎక్కుళ్లు. 1941లో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథానికి ఆ గీతే ప్రాణం. మధ్యలో ఆ ఆగడం ఎందుకన్న ప్రశ్న మోనోను ఇరవై ఏళ్లు వదల్లేదు. 1961లో ఫ్రాంస్వా జాకబ్‌తో కలిసి జవాబు రాశాడు. 1965లో వాళ్లిద్దరికీ, గురువులాంటి ఆంద్రే ల్వోఫ్‌కూ కలిపి నోబెల్ వచ్చింది.

జవాబు ఇది: లాక్టోజును విడగొట్టే పనిముట్టు, అంటే ఎంజైము, వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు గుచ్చిన దండలు నాలుగు కలిస్తే ఒకటి అవుతుంది. అలాంటివి వేలకొద్దీ కావాలి. గ్లూకోజు దొరుకుతుండగా అవి చేసుకోవడం, వాన పడని రోజు గొడుగులు కొని ఇల్లంతా నింపుకోవడమే. అందుకని ఆ జన్యువులకు కణం రెండు తాళాలు వేస్తుంది. లాక్టోజు ఎదురుపడితే ఒక తాళం ఊడుతుంది. గ్లూకోజు లేదని తేలితేనే రెండోది. మధ్యలో ఆగింది పనిముట్లు చేసుకోవడానికే. గుంపులోని కణాలన్నీ ఒకేసారి మేలుకోవని, కొన్ని ముందే సిద్ధమై దూసుకుపోతే మరికొన్ని పడుకునే ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. మన ఊళ్లలో లాగే.

గ్లూకోజు లేదని తెలిసే పద్ధతి నాకు మహా ఇష్టం. కొనుగోలు కేంద్రం దగ్గర హమాలీలు వరుసగా నిలబడి వడ్ల బస్తాలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ లారీకెత్తడం చూసే ఉంటారు. లారీ ఉంటే ఎవరి చేతిలోనూ బస్తా నిలవదు. లారీ రాకపోతే ప్రతి ఒక్కరూ బస్తా పట్టుకుని నిలబడిపోతారు. దూరం నుంచి చూసినవాడికి లారీ కనిపించకపోయినా, హమాలీ చేతులు చూస్తే వచ్చిందో లేదో చెప్పేయగలడు. బ్యాక్టీరియా గోడ దగ్గర ఇదే వరుస ఉంటుంది. బస్తా బదులు ఫాస్ఫేటు. కొన్ని ప్రోటీన్లు దాన్ని చేతులు మార్చుకుంటూ తెచ్చి, లోపలికి వస్తున్న గ్లూకోజుకు అంటగడతాయి. సాల్ రోజ్‌మన్ బృందం 1964లో దీన్ని బయటపెట్టింది. వరుసలో మూడో ప్రోటీను చేతులు ఖాళీగా ఉన్నాయంటే గ్లూకోజు వస్తోందని అర్థం. ఆ ఖాళీ చేతులతోనే అది పోయి లాక్టోజు లోపలికొచ్చే ద్వారాన్ని మూసేస్తుంది. చేతిలో ఫాస్ఫేటు ఉండిపోయిందా, గ్లూకోజు లేదన్నమాట. అప్పుడు ద్వారం వదిలేసి ఇంకో ఎంజైమును తట్టి లేపుతుంది. ఆ ఎంజైము, కణం ఖర్చుపెట్టే శక్తి నాణెమైన ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును చేస్తుంది. అది పోయి రెండో తాళం తీస్తుంది, లాక్టోజుకే కాదు, ఇంకా ఎన్నో రకాల తిండ్ల జన్యువులకు. భయపడ్డప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ వార్తను కణాల లోపలికి మోసేదీ ఈ సైక్లిక్ ఏఎంపీయే. దాన్ని కనుక్కున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ ఇచ్చారు. దానికి ముడిసరుకైన ఏటీపీని 1929లో లోకానికి చెప్పినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయనకు ఆ బహుమతి రాలేదన్నది వేరే కథ.

అన్ని బ్యాక్టీరియాలకూ గ్లూకోజే అరటిపండు అనుకుంటే పొరపాటు. పంట వేళ్ల దగ్గర మసిలే సూడోమొనాస్‌కు గ్లూకోజు పెడితే పక్కకు నెట్టి, వేళ్ల నుంచి ఊరే సక్సినేటు లాంటి ఆమ్లాలను ముందు తింటుంది. మనకు పులుపు, దానికి పాయసం. ఎవరికేది ముందన్నది ఎక్కడ బతుకుతున్నదన్న దాన్ని బట్టి తేలుతుంది.

సిరిసిల్లలో ఈ సంగతికి ఇంకో ముడి ఉంది. పడుగు నూలు తెగకుండా గంజి పట్టిస్తారు, సైజింగ్ అంటారు. బట్ట నేశాక అద్దకానికి ముందు ఆ గంజి మొత్తం వదలాలి, లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. నూలు బట్టల పరిశ్రమలో ఆ గంజిని కరిగించడానికి వాడేది బ్యాక్టీరియా చేసే అమైలేజు ఎంజైము. బ్వాడాన్, ఎఫ్రాన్ అనే ఇద్దరు 1917లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను తొట్లలో పెంచి తీస్తారు. చిక్కేమిటంటే, బాగా పెరుగుతుందని తొట్టిలో గ్లూకోజు దండిగా పోస్తే బ్యాక్టీరియా కొవ్వెక్కుతుంది గానీ అమైలేజు చేయడం మానేస్తుంది. చేతిలో చక్కెర ఉండగా గంజిని విడగొట్టే పని దానికెందుకు? బాసిల్లస్‌కు సైక్లిక్ ఏఎంపీతో ఈ పని లేదు. తన పద్ధతి వేరు: చక్కెర దండిగా ఉందన్న గుర్తుతో ఒక కావలి ప్రోటీను వచ్చి అమైలేజు జన్యువు పక్కనే కూర్చుని దాన్ని నొక్కిపెడుతుంది. 1991లో ఆ కావలిని పట్టుకున్నారు. వేర్వేరు బ్యాక్టీరియాలు వేర్వేరు దారుల్లో ఒకే పొదుపుకు చేరుకున్నాయి.

చిన్నాయిన మడిలోనూ వరుస ఇదే. గడ్డి నానగానే అందులో కరిగే చక్కెరలు ముందు అయిపోతాయి. అవి ఉన్నంతసేపూ గడ్డిలోని గట్టి సెల్యులోజు జోలికి ఎవరూ పెద్దగా పోరు. చక్కెరలు అయ్యాక సెల్యులోజు కోసే ఎంజైములు బయటికొస్తాయి. అన్నిటికన్నా మొండిదైన లిగ్నిన్‌ను చివరికి వదిలేస్తారు. మొదటి విందులో బ్యాక్టీరియా గుంపు ఒక్కసారి ఉబ్బుతుంది. నత్రజని మీద మొదటి దెబ్బ అప్పుడే. మా నారు సరిగ్గా ఆ విందు మధ్యలో పోయి నిలబడింది.

ఇక పేక.

అమ్మోనియా దొరికితే బ్యాక్టీరియా దాన్ని పట్టుకుని కట్టేసే చోటు ఒక్కటే. 2-ఆక్సోగ్లుటరేటు అనే అయిదు కర్బనాల గొలుసు ఉంటుంది. తిన్న చక్కెర విరిగి విరిగి వచ్చే మజిలీల్లో అదొకటి. దానికి ఒక నత్రజని తగిలిస్తే గ్లుటమేటు, రెండు తగిలిస్తే గ్లుటమిన్. గ్లుటమేటు మనకు కొత్తదేమీ కాదు. జగిత్యాల బస్టాండు దగ్గర ఫ్రైడ్ రైస్ బండి మీద చల్లే తెల్ల పొడి దాని ఉప్పే. జపానువాళ్లు 1950ల్లో కనుక్కున్న ఒక బ్యాక్టీరియాకు చక్కెర, అమ్మోనియా పెట్టి దాన్ని టన్నుల్లో తీస్తున్నారు. ఈ.కోలై ఒంట్లోని నత్రజనిలో ఎనిమిదింట ఏడు పాళ్లు గ్లుటమేటు మీదుగా, మిగతాది గ్లుటమిన్ మీదుగా రావాల్సిందే. పడుగు, పేక మొదట కలిసే ముడి ఇక్కడే.

ముడి వేయడానికి రెండు దారులు. అమ్మోనియా కుప్పలుగా ఉంటే ఖర్చు లేని దారి ఒకటి ఉంది. అరకొరగా ఉంటే గ్లుటమిన్ సింథటేజు అనే ఎంజైము కావాలి. దీని పట్టు గట్టిది, చుక్క అమ్మోనియా ఉన్నా లాగుతుంది. కాకపోతే లాగిన ప్రతిసారీ ఒక ఏటీపీ కూలి. అవసరం లేనప్పుడు దీన్ని తిరగనిస్తే కణం దివాలా తీస్తుంది. అందుకే దీనికి పెట్టినన్ని కళ్లేలు మరే ఎంజైముకూ పెట్టలేదనిపిస్తుంది. పన్నెండు తునకలు కలిసిన యంత్రం ఇది. నత్రజని బాగా ఉందని తెలిస్తే ఒక్కో తునకకూ ఒక్కో గుర్తు తగిలించి దాన్ని మొద్దుబారుస్తారు. ఎన్ని గుర్తులైతే అంత మొద్దు. పన్నెండూ పడితే నిద్ర. అమెరికాలో ఎర్ల్ స్టాట్‌మన్ బృందం 1960ల్లో ఈ చిక్కుముడిని ఒక్కో పోగూ విప్పింది.

గుర్తు వేయాలా, తీయాలా అన్నది ఎవరు చెప్తారు? పీ-2 అనే చిన్న ప్రోటీను. మూడు ముక్కలు కలిసిన మద్దెలలాంటి ఆకారం, పైన మూడు కొక్కేలు. కణంలో గ్లుటమిన్ పెరిగితే నత్రజని కడుపునిండా ఉందని కబురు. 2-ఆక్సోగ్లుటరేటు పెరిగితే కర్బనం పేరుకుపోయింది, కట్టడానికి నత్రజని లేదని కబురు. గ్లుటమిన్ వార్త ఇంకో ఎంజైము మీదుగా వచ్చి కొక్కేల మీద గుర్తు పెట్టడమో తీయడమో చేస్తుంది. 2-ఆక్సోగ్లుటరేటు నేరుగా వచ్చి పీ-2 గుంటల్లో కూర్చుంటుంది. రెండు వార్తలూ ఒకే చోట కలిసి, కొక్కేలు వంగే తీరును మారుస్తాయి. దాన్ని బట్టి గ్లుటమిన్ సింథటేజు లేస్తుందో పడుకుంటుందో తేలుతుంది. పీ-2 బంధువు ఒకటి అమ్మోనియా వచ్చే గొట్టానికే బిరడాలా పనిచేస్తుంది. నత్రజని చాలనిపిస్తే కొక్కేన్ని గొట్టంలోకి దూర్చి మూసేస్తుంది. నత్రజని మరీ కరువైతే ఇంకో వరుస కదులుతుంది. ఈ.కోలైలో సుమారు వంద జన్యువులు తెరుచుకుంటాయి: అమైనో ఆమ్లాలు, ఇంకా ఎక్కడెక్కడి నత్రజని తునకలున్నా ఏరుకోవడానికి. పీ-2 కుటుంబం బ్యాక్టీరియాతో ఆగలేదు. చిన్నాయిన మడిలో పసుపెక్కిన వరి ఆకు హరితరేణువుల్లోనూ దాని మనవరాలొకటి కూర్చుని ఉంది.

చిన్నమ్మ ఇక్కడ నన్ను ఆపి అడిగింది: "మరి పేక అయిపోతే పడుగు అట్లనే వస్తనే ఉంటదా?"

సాంచెకు ఒక చిన్న ఇనుప ముల్లు ఉంటుంది. పేక పోగు వచ్చిందా లేదా అని ప్రతిసారీ తడిమి చూస్తుంది. పోగు తగలకపోతే సాంచె దానంతటదే ఆగుతుంది, లేకపోతే ఖాళీ పడుగు చుట్టుకుపోయి పాడవుతుంది. ఆమె అడిగింది ఆ ముల్లు గురించి. సూక్ష్మజీవుల శాస్త్రంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరికి ఎంతో కాలం కాలేదు. 2011లో ఒక బృందం, 2013లో ఇంకో బృందం చూపించిన దాని సారం ఇది: నత్రజని అయిపోతే కట్టడానికి తోడు లేక 2-ఆక్సోగ్లుటరేటు పేరుకుంటుంది. పేరుకున్నది పోయి, గ్లూకోజును లోపలికి తెచ్చే ఆ హమాలీల వరుసలో మొదటివాణ్నే పట్టుకుని ఆపుతుంది. కొత్త చక్కెర రావడం తగ్గుతుంది. సైక్లిక్ ఏఎంపీని కూడా నొక్కుతుంది, కాబట్టి వేరే తిండ్ల పనిముట్లూ తయారు కావు. అమ్మోనియా దొరికిన క్షణాల్లో ఆ పేరుకున్న గొలుసు ఖర్చయిపోతుంది, వరుస మళ్లీ కదులుతుంది. పడుగు భీము పక్కన కాపలా వేరే లేదు. పడుగు పోగే తానెంత మిగిలిందో చెప్తుంది.

నేను దాదాపు ఇదంతా చెప్పాక చిన్నమ్మ "మా నాయిన సాంచెకు గా ముల్లు ఎప్పుడూ ఖరాబే" అంది.

మడిలో ఈ లెక్క తెలిసినవాళ్లు ఇంకొందరున్నారు. నీళ్ల మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మడికిస్తుందని 1939లో పి.కె. డే అనే శాస్త్రవేత్త వరి పొలాల మీద పనిచేసి చెప్పారు. వాటిలో అనబీనా పూసల దండలా ఉంటుంది. నత్రజని కరువైతే 2-ఆక్సోగ్లుటరేటు పెరుగుతుంది. ఆ కబురు అందగానే ప్రతి పదో పూసకు ఒకటి చొప్పున మందపు గోడ కట్టుకుని, కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ విడిచే పని మానేసి, నత్రజని పట్టే కార్ఖానాగా మారిపోతుంది. మళ్లీ మామూలు పూసగా మారే దారి దానికి లేదు. ఆ మడిలో యూరియా చల్లితే? కబురు తలకిందులవుతుంది, కొత్త కార్ఖానాలు పుట్టవు. ఉచితంగా కూలికొచ్చేవాణ్ని గుమ్మంలోంచే పంపేశామన్నమాట.

అజోస్పైరిల్లం అనే బ్యాక్టీరియా ఇంకా చురుకు. గాలిలోని నత్రజని అణువు ఒకదాన్ని విడగొట్టడానికి నైట్రోజనేజు అనే ఎంజైము కనీసం 16 ఏటీపీలు కాల్చాలి. అమ్మోనియా తగలగానే నిమిషాల్లో అజోస్పైరిల్లం ఆ యంత్రానికి ఒక గుర్తు తగిలించి ఆపేస్తుంది, అమ్మోనియా పోగానే ఆ గుర్తు తీసేస్తుంది. జీవన ఎరువు అని పొట్లం కొని మడిలో కలిపి, అదే రోజు యూరియా చల్లి, "ఈ పౌడర్లన్నీ దండుగ" అనేవాళ్లను చాలామందిని చూశాను. పౌడరు తప్పేం లేదు. అది లెక్క చూసుకుని ఊరుకుంది.

లెక్క చూసుకోనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి చిన్నమ్మకు చెప్తే ఒక్క మాటలో అర్థమైంది. పెసర, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం గాలి నుంచి నత్రజని పట్టి, తన అవసరం చూసుకోకుండా అమ్మోనియాను మొక్కకే వదిలేస్తుంది. తనకోసం కట్టుకునే గ్లుటమిన్ దారి దాదాపు మూసేసి ఉంటుంది. బదులుగా మొక్క దానికి మేలేటు లాంటి కర్బన ఆమ్లాలు పెడుతుంది. నూలు యజమానిది, బట్ట యజమానిది, నేత కూలి మాత్రం ఆసామిది. సిరిసిల్లలో చాలా సాంచాలు నడిచే తీరు అదే కదా. మడిలో నత్రజని దండిగా ఉంటే మాత్రం యజమాని బుడిపెలే పెట్టడు, వచ్చినవాళ్లకు పని లేదంటాడు.

మళ్లీ పసుపు మడికి వద్దాం. తప్పంతా నత్రజనిదే అనడం సరి కాదు. చలికాలం యాసంగిలో జింకు లోపం కూడా ఇలాగే కనిపిస్తుంది. ఆ మురిగిన గుడ్డు వాసనకు కారణం వేరే బ్యాక్టీరియా. గాలి ఆడని బురదలో అవి ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటును పీల్చి హైడ్రోజన్ సల్ఫైడును వదులుతాయి. మడిలో అడుగు వేస్తే బుడగలు వస్తాయి, మొక్క పీకితే వేళ్లు నల్లగా ఉంటాయి. నల్లబడ్డ వేరు ముందు యూరియా పోసినా అది తాగలేదు. అలాంటి మడికి ముందు చేయాల్సింది నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు వచ్చేదాకా ఆరనివ్వడం. కొయ్యలు కలియదున్నేటప్పుడే సూపర్ ఫాస్ఫేటు చల్లమని, నాటుకు కొన్ని వారాల ముందే ఆ పని కానివ్వమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తూనే ఉంటారు. జగిత్యాల సన్నాలను, జగిత్యాల రైస్-1ను ఇచ్చిన పొలాస పరిశోధన స్థానం ఇక్కడికి ఎంతో దూరం కాదు. కానీ కాలువ నీళ్ల తారీఖు వాళ్ల చేతిలో లేదు, చిన్నాయిన చేతిలోనూ లేదు.

మడి ఆరబెట్టాడు. ఇంకో బస్తా వేస్తానంటే ఆపి, జింకు పిచికారీ చేయించాం. అయిదో వారానికి పచ్చబడింది. గడ్డిలో తినదగిన చక్కెర అయిపోగానే బ్యాక్టీరియా గుంపులో సగం చచ్చింది. అవి మింగిన నత్రజని వాటి ఒళ్ల నుంచే మట్టిలోకి వచ్చింది. చిన్నాయిన చల్లిన బస్తా కొంత ఆలస్యంగానైనా ఆయన వరికే చేరింది. ఊళ్లో మాత్రం ఆ పేరంతా జింకు సీసాకే పోయింది.

మే నెలలో వరి కోత అయ్యాక ఫోను చేస్తే చిన్నాయిన జీలుగ విత్తనం తెచ్చానన్నాడు. పూతకు ముందే మడిలో కలియదున్నుతాడట. ఫోను చిన్నమ్మ చేతికి పోయింది.

"గీ జీలుగల పేక ఎంతుంటది?"

లేత జీలుగైతే ఇరవై పాళ్ల పడుగుకు ఒక పాలు పేక, అటూ ఇటూ అన్నాను. వరిగడ్డి అరవై అయిదు కదా అంది. లెక్క గుర్తుంది.

"మరి ముదిరినంక?"

కాండం నారెక్కుతుంది, పడుగు పెరుగుతుంది అన్నాను. "అయితే ముదరనియ్యద్దు," అని పక్కకు తిరిగి ఆయనతో ఏదో అంటోంది. వెనక ట్రాక్టరు చప్పుడు మొదలైంది.